చీటీలో వచ్చిన వాక్యం

డిసెంబర్ 31 రాత్రి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల చాలా క్రైస్తవ ప్రార్థన మందిరాల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. పన్నెండు దాటి, కొత్త సంవత్సరపు పాట అయిపోయాక, అయ్యగారు ఒక పళ్లెం నిండా చిన్న చిన్న కార్డులు పెట్టుకొని నిలబడతారు. వాటిని వాగ్దాన కార్డులంటారు. వరుసలో వచ్చినవాళ్లు కళ్లు మూసుకొని తలా ఒకటి తీసుకుంటారు. ఎవరికి ఏది వస్తే అది వాళ్లకు ఆ ఏడాది దేవుడిచ్చిన మాట. కొందరు దాన్ని పర్సులో దాచుకుంటారు, కొందరు బీరువా తలుపుకు అంటిస్తారు, ఇంకొందరు ఫొటో తీసి సౌదీలో ఉన్న కొడుక్కి పంపుతారు. ఈ ఆచారాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. కొడుకును ఎడారికి పంపిన తల్లికీ, అప్పు మీద సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే తండ్రికీ ఒక చిన్న కార్డు పన్నెండు నెలలు ఊతంగా నిలుస్తుందంటే కాదనడానికి నేనెవణ్ని? నా చిక్కంతా కార్డు తీసుకున్న తర్వాత జరగని పనితోనే. వాక్యం కింద చిన్న అక్షరాల్లో అధ్యాయం, వచనం సంఖ్యలుంటాయి. ఇంటికెళ్లి ఆ అధ్యాయం తెరిచేవాళ్లు చాలా తక్కువ.

ఆ కార్డుల్లో తరచు కనిపించే వాక్యాల్లో ఒకటి యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోది. దేవుడు మీ విషయంలో తలపెట్టింది మేలే, కీడు కాదు, మీ ముందు రోజులకు ఆశ ఉంది అని దాని సారాంశం. ఆ అధ్యాయం తెరిస్తే అది ఒక ఉత్తరమని తెలుస్తుంది. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యెరూషలేము నుంచి ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. ఇప్పట్లో తిరిగి రారు కాబట్టి అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని అందులో ఉంది. మేలు మాటకు సరిగ్గా పై వచనంలో డెబ్బై ఏళ్ల లెక్క ఉంది. ఇంకొక్క పేజీ వెనక్కి తిప్పితే 28వ అధ్యాయం. అక్కడ హనన్యా అనే మరో ప్రవక్త, రెండేళ్లలో అందరూ ఇల్లు చేరతారని గుడిలో అందరి ముందూ తీపి కబురు చెప్పాడు. అది అబద్ధమని యిర్మీయా తేల్చాడు. అంటే తొందరపాటు ఓదార్పును ఖండించడానికి రాసిన ఉత్తరంలోంచి ఒక ముక్క కోసి, దాన్నే మనం తొందరపాటు ఓదార్పుగా పంచుకుంటున్నాం. ఉత్తరం అందుకున్న పెద్దల్లో చాలామంది బబులోను మట్టిలోనే కలిసిపోవలసినవాళ్లు. అయినా వాళ్లకు ఆశ ఉందంటున్నాడు ప్రవక్త. ఆ ఆశ ఎంత బరువైనదో, గల్ఫ్‌లో పదిహేనేళ్లు గడిపిన మనిషికి అది ఎంత దగ్గరగా తగులుతుందో, అధ్యాయమంతా చదివితేనే తెలుస్తుంది. కార్డు మీద అంత చోటు లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే: తెలుసుకునే పనిని విశ్వాసి ఇంకొకరికి గుత్తకివ్వలేడు. పాస్టర్‌కీ, టీవీ ప్రసంగీకుడికీ, వాట్సాప్ గుంపుకీ ఇవ్వలేడు. ఇది చదువుకున్నవాళ్ల సరదా కాదు, ఆరాధనలో భాగం. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో దేవుణ్ని హృదయంతో, ఆత్మతో, శక్తితో ప్రేమించమని మూడు మాటలే ఉన్నాయి. ముఖ్యమైన ఆజ్ఞ ఏదని ఒక శాస్త్రి అడిగినప్పుడు యేసు ఆ మూడింటికి నాలుగోది కలిపినట్టు మార్కు సువార్త 12వ అధ్యాయం చెబుతుంది. ఆ నాలుగోది వివేకం, అదీ పూర్ణ వివేకం. పాట పాడేటప్పుడు హృదయాన్నీ, ఉపవాసం ఉన్నప్పుడు బలాన్నీ దేవునికిచ్చి, ఆలోచించే శక్తిని మాత్రం చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి వస్తే నాలుగింట ఒక పాలు ఎగ్గొట్టినట్టే. తలాంతుల ఉపమానం కూడా ఈ సంగతే. మన సంఘాల్లో తలాంతు అంటే పాట పాడే గొంతు, కీబోర్డు వాయించే వేళ్లు అన్న అర్థం స్థిరపడింది. అసలు తలాంతు ఒక తూనిక. ఒక తలాంతు వెండి అంటే దాదాపు ఆరు వేల దేనారాలు, అంటే రోజూ పని దొరికినా ఒక కూలి మనిషికి పదహారు, పదిహేడేళ్ల సంపాదన. యజమాని తన ముగ్గురు దాసుల్లో తనకే తక్కువ ఇచ్చాడని, ఒక్క తలాంతు అందుకున్న మూడోవాడు సణగడానికి అక్కడ చోటే లేదు. వాడు దొంగతనం చేయలేదు, తాగి తగలెయ్యలేదు, భయపడి పాతిపెట్టాడు. తిరిగి ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు కూడా. అయినా యజమాని ఊరుకోలేదు. తాత ముత్తాతల నుంచి వచ్చిన విశ్వాసాన్ని ఒక్క ప్రశ్న కూడా తగలనీయకుండా భద్రంగా అప్పజెప్పాలని చూసే మనకు ఆ మూడోవాడి మొహం కొంచెం తెలిసిన మొహంలాగే ఉండాలి.

హోషేయ గ్రంథంలో, తెలివి లేక జనం నశిస్తున్నారన్న అర్థంలో ఒక మాట ఉంది. వేదిక మీద నుంచి దాన్ని జనం వైపు వేలు చూపిస్తూ చెబుతుంటారు. ఆ 4వ అధ్యాయమూ మొత్తం చదవాలి. జనం నశించారని చెప్పిన వెంటనే ప్రవక్త యాజకుడి మీదికి తిరుగుతాడు, జ్ఞానాన్ని తోసిపుచ్చింది నువ్వే అంటాడు. కాబట్టి బాధ్యతకు రెండు కొసలున్నాయి, వెతకనివాడు ఒక కొస, వెతకనీయనివాడు ఇంకో కొస. ఈ రెండో కొసను మరిచి పేదవాడి మీద మాత్రమే భారం మోపేవాళ్ల పక్షాన నేను లేను.

మన నేల మీద ఈ రెండో కొస చరిత్ర పొడవైనదే. జగిత్యాల నుంచి ధర్మపురికి ఎంతో దూరం లేదు. గోదావరి ఒడ్డున వేదం కంఠస్థం చేసిన పండితులకు పేరుపడ్డ ఊరది. పుస్తకం చేతపట్టకుండా అంత వాఙ్మయాన్ని తరాల తరబడి మోసిన ఆ జ్ఞాపకశక్తికి ఎవరైనా తల వంచాల్సిందే. కాని అదే ఒడ్డున చెప్పులు కుట్టిన చేతులకు, మగ్గం నేసిన చేతులకు ఆ విద్యలోకి దారి లేదు. ఇక ఆ చేతులకు కూడా అందగల అచ్చు పుస్తకం సంగతి చూస్తే, తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు మన దేశంలో కాదు, జర్మనీలోని హాలె పట్టణంలో 1746లో వెలువడ్డాయి. మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్ట్జ్ వాటిని వేయించాడు. వాటిలో ఒకటి క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకం. తెలుగు అచ్చు ప్రశ్నతో మొదలైందని నేను కొంచెం గర్వంగానే అనుకుంటాను. ఆ తర్వాత 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ బైబిల్ అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్లకు తోడయ్యాడు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ ఇద్దరు మిషనరీలూ కన్నుమూశారు. ఒక పుస్తకం మన భాషలోకి రావడానికి ఇంత పట్టింది. ఇప్పుడది ఫోన్‌లో ఉచితంగా దొరుకుతోంది, అందుకేనేమో తెరవబుద్ధి కాదు.

పుస్తకం అందకముందే వెతుకులాట మొదలుపెట్టినవాళ్లూ మనలో ఉన్నారు. ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. చదువు అందని కులంలో పుట్టి, క్రైస్తవం గురించి వినకముందే యోగం నేర్పే గురువులను ఆశ్రయించి సత్యం కోసం తిరిగాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ప్రాంతంలో వేలాదిమంది క్రైస్తవులు కావడానికి ఆయనే నాంది. వెతికినవాడు దొరికినదాన్ని మూటగట్టి దాచుకోలేదు, ఊరూరా తిరిగి చెప్పాడు. ధాత కరువు వచ్చినప్పుడు అక్కడి మిషనరీ జాన్ క్లౌ కాలువ పనులు పెట్టించి జనానికి కూలి చూపించాడు, ఆ పని సాగినన్నాళ్లూ మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇలాంటి సామూహిక మార్పిడుల గురించి అప్పట్నుంచీ ఒక ఎత్తిపొడుపు ఉంది: వీళ్లకేం తెలిసి చేరారు? మిషనరీ జె. వాస్కోమ్ పికెట్ తెలుగు ప్రాంతాలను కూడా కలుపుకొని ఈ ఉద్యమాలను పరిశీలించి 1933లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన తేల్చిన వాటిలో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ఎవరు ఏ కారణంతో చేరారన్నదాని కన్నా, చేరిన తర్వాత వాళ్లకు నేర్పడం జరిగిందా లేదా అన్నదే వాళ్ల విశ్వాసపు నాణ్యతను ఎక్కువగా నిర్ణయించింది. పల్లెకో ఉపదేశి, రాత్రి పూట లాంతరు కింద బడి. డోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య కాలంలోనూ, మెదక్ మెథడిస్టుల్లోనూ సంఘాలు గట్టిపడింది ఆ లాంతరు వెలుగులోనే. ఆ లాంతరు ఇప్పుడు చాలాచోట్ల ఆరిపోయింది. దాని చోటికి సౌండు బాక్సులొచ్చాయి.

తెలుసుకోకపోతే నష్టం ఎవరికి అని అడగవచ్చు. మొదటి నష్టం నిజానికే. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన రోజును నాసా కంప్యూటర్లు లెక్కకట్టి పట్టుకున్నాయన్న కథ తెలుగు ప్రసంగాల్లో, వాట్సాప్‌లో ఇంకా తిరుగుతోంది. నాసా అలాంటిదేమీ చేయలేదు. అమెరికాలో దాదాపు 1970 ప్రాంతంలో ప్రచారంలోకొచ్చిన కట్టుకథ అది. దాన్ని ముందుకు పంపేవాడు దేవునికి మేలు చేస్తున్నాననే అనుకుంటాడు. యోబు గ్రంథం 13వ అధ్యాయంలో ఆ భక్తుడు తన స్నేహితులను నిలదీసింది సరిగ్గా దీని గురించే: దేవుని పక్షాన వాదించడానికి అబద్ధమాడతారా? రెండో నష్టం ఒంటికే. ప్రార్థన చేయించుకున్నాం కాబట్టి టీబీ మాత్రలు, షుగర్ మాత్రలు మానేయమని ఎవరైనా చెబితే, చెప్పినవాడు ఎంత పేరున్న దైవసేవకుడైనా, లేఖనం తెరిచి చూడాలి. పౌలుకు తోడుగా తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొంచెం ద్రాక్షారసం తీసుకోమని చెప్పాడు. బెరయ పట్టణంవాళ్లు పౌలు ప్రసంగం ఆసక్తిగా విన్నారు, విన్నాక ఇతను చెప్పింది నిజమా కాదా అని రోజూ లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుణ్ని సరిచూస్తారా అని అపొస్తలుల కార్యాల గ్రంథం వాళ్లను తప్పుపట్టలేదు, మెచ్చుకుంది. పౌలుకు లేని నామోషీ ఇప్పటి ప్రసంగీకులకు ఎందుకో తెలియదు.

దీనికి కొన్ని అభ్యంతరాలున్నాయి. జ్ఞానం ఉప్పొంగజేస్తుందని పౌలే రాశాడు కదా అనేది మొదటిది. రాశాడు, కొరింథీయులకు. విగ్రహాలకు అర్పించిన మాంసం తినడంలో తప్పులేదని తెలిసినవాళ్లు, ఆ తెలివితో బలహీనుల మనస్సాక్షిని తొక్కేస్తున్నప్పుడు రాశాడు. గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్న మనిషి చదువునే తిట్టడు. ఆయన తిట్టింది చదువును పక్కవాడి నెత్తిన మొట్టికాయ చేసుకోవడాన్ని. పైగా చదవనివాడికి గర్వం రాదని ఎవరన్నారు? నాకేమీ తెలియదు, నాకు ఆత్మ చెబుతుంది అనే మాటలో ఉన్నంత గర్వం పండితుల్లో కూడా అరుదు. పరిశుద్ధాత్మే అన్నీ నేర్పిస్తాడు కదా అనేవాళ్లకు పౌలు చివరి రోజులే జవాబు. చెరసాలలో, మరణం ఎదురుగా ఉండగా, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెమ్మని తిమోతికి రాశాడు. దాంతో పాటు పుస్తకాలు కూడా, ముఖ్యంగా చర్మపు కాగితాలు. చలికాలం వస్తోంది, అంగీ అడగడం అర్థమవుతుంది. ఆత్మావేశంతో పత్రికలు రాసిన మనిషికి ఆ వయసులో, ఆ గదిలో పుస్తకాలెందుకు? ఇక చిన్నపిల్లల్లా ఉండమన్నాడు ప్రభువు అనేవాళ్లు ఈమధ్య పిల్లలతో గడిపినట్టు లేరు. నాలుగేళ్ల పిల్లవాడు పొద్దున్న లేచింది మొదలు అడిగే ప్రశ్నల్లో పదో వంతు మన సంఘంలో ఏడాది పొడుగునా వినిపించదు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని చేసిన పని కూడా అదే, వినడం, అడగడం.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఎవరికి వారు చదివి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెబితే వీధికో సంఘం వెలుస్తుంది, ఇప్పటికే వెలిసింది. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. లేఖనం ఎవరి సొంత ఊహకూ లొంగేది కాదని పేతురు పత్రిక హెచ్చరించనే హెచ్చరించింది. సొంతంగా వెతకడమూ, ఒంటరిగా తేల్చుకోవడమూ ఒకటి కావు, ఆ తేడా మనం తరచూ మరిచిపోతాం. బెరయవాళ్లు పరిశోధించింది సమాజమందిరంలో, కలిసి. అయినా మన ఊళ్లలో సంఘాలు చీలిన చరిత్ర ఒకసారి నిజాయితీగా చూసుకుంటే, ఎక్కువ చదివినందుకు చీలినవి ఎన్ని, కమిటీ కుర్చీ కోసం, స్థలం పట్టా కోసం చీలినవి ఎన్ని? చీలికకు వచనం తర్వాత దొరుకుతుంది. వెతికితే ఏదో ఒక వచనం దొరక్కపోదు. దానికి విరుగుడు ఆ వచనం ముందూ వెనకా ఏముందో తెలిసిన పదిమంది వేదిక కింద కూర్చొని ఉండడమే.

చివరిది అన్నిటికన్నా నిజమైన అభ్యంతరం. తీరికేదీ? తెలంగాణలో 2011 జనగణన నాటికి అక్షరాస్యత 66.54 శాతం. అంటే అప్పటికి ముగ్గురిలో ఒకరికి చదవడం రాదు. చదవడం వచ్చినవాళ్లలోనూ సాంచల చప్పుడులో పన్నెండు గంటలు నిలబడినవాడికి రాత్రి పుస్తకం తెరిచే కళ్లు మిగలవు. ఇంత పేదరికంలో బాధ్యత అనే మాట ఎత్తడమే క్రూరమనిపిస్తుంది. కాని చూడండి, పేదవాడి అజ్ఞానానికి ఈ లోకం ఏమీ తగ్గింపు ధర ఇవ్వడం లేదు, పూర్తి ధరే వసూలు చేస్తోంది. పదో తరగతి పాసైతే గల్ఫ్ ఉద్యోగానికి పోయేటప్పుడు పాస్‌పోర్టుకు వలస అనుమతి అక్కర్లేదు. పాసవకపోతే 1983 వలస చట్టం ప్రకారం అది తీసుకునే పోవాలి. పనివాడి రక్షణకే పెట్టిన ఆ మెలికను తప్పించుకోవడానికి ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెడతాడు, లేదంటే ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా అని ముద్దుగా చెబుతాడు. వీసా మీద ఏం రాసుందో అడగని మనిషి రెండెకరాలు అమ్ముకొని వెళ్లి అక్కడ దొంగలా తిరగాల్సి వస్తుంది. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగింది శిష్యత్వం గురించే అయినా, ఆ లెక్క తెలిసిన మనుషులు తన ముందు కూర్చున్నారనే నమ్మకంతో అడిగాడు. బీదవాళ్లను ఆయన తెలివితక్కువవాళ్లుగా ఎప్పుడూ లెక్కకట్టలేదు. వాళ్లకేం తెలుస్తుందిలే అనే జాలి మనం తర్వాత కనిపెట్టింది.

అక్షరం రాకపోవడం అడ్డంకే, కాని తలుపు మూసుకుపోయినట్టు కాదు. ఐతియొపీయుడైన ఒక అధికారి రథంలో యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పుకు వినపడిందని అపొస్తలుల కార్యాల్లో రాసి ఉంది. అంటే అతను గట్టిగా చదువుతున్నాడు. అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, చెప్పేవాళ్లు లేకుండా ఎలా అర్థమవుతుందని సూటిగా ఒప్పుకున్నాడు, రథమెక్కి పక్కన కూర్చోమన్నాడు. రాణి ఖజానా చూసే మనిషి ఆ మాట ఒప్పుకోగలగడం చిన్న సంగతి కాదు. లేఖనాల్లో దిట్ట, మాటకారి అయిన అపొల్లోకు తెలియనిది విడమరిచి చెప్పింది అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు. వాళ్లు డేరాలు కుట్టుకొని బతికేవాళ్లు. బట్ట నేసే సిరిసిల్లలో ఈ కథ చెబితే ఇంకో వివరణ అక్కర్లేదు. మార్టిన్ లూథర్ 1529లో తన చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు దాన్ని ఇంటి పెద్దలు ఇంటివాళ్లకు నేర్పడం కోసం రాశాడు. అందులో ఆజ్ఞ తర్వాత ఆజ్ఞకూ, ప్రార్థనలో ఒక్కొక్క మనవికీ ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: అంటే ఏమిటి? కేరళలో బీడీ కార్మికులు చుట్టుకుంటూ ఉంటే ఒకరు పక్కన కూర్చొని పేపరూ పుస్తకాలూ గట్టిగా చదివి వినిపించే పద్ధతి ఉండేది. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కదా. మన దగ్గర కార్ఖానాలో కన్నా ఇళ్లలోనే ఎక్కువ చుడతారు కాబట్టి చదివేవాళ్లను వెతుక్కోనక్కర లేదు, బడికి పోయే పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. బీరువాకు అంటించిన యిర్మీయా కార్డు తీసి, దాని కింద ఉన్న సంఖ్య చూసి, ఆ అధ్యాయం మొదటి నుంచి బిడ్డ గట్టిగా చదువుతుంటే, ఒళ్లో చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తున్న తల్లి పదో వచనం దగ్గర కత్తెర ఆపుతుంది.

"ఆగు బిడ్డా. డెబ్బై ఏండ్లా? గప్పటిదాక ఎవలుంటరు?"